నది మోసే కర్ర: రుషికుల్య కొండల నుంచి గోపాలపూర్ ఇసుక దాకా

(ధర్మనిధి స్మారకోపన్యాస పాఠం)



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థమో ఆ పేరు మీ చేతుల్లోని ఆహ్వానపత్రం మీద ఉంది. వేదిక మీద పొగడ్తలంటే ఆయనకు గిట్టేది కాదని ఇంటివాళ్ళే చెప్పారు కాబట్టి ఒక్క సంగతి చెప్పి ఊరుకుంటాను. ఆయన బతికినన్నాళ్ళూ కలప అడితి నడిపారు. అడితిలోకి వచ్చే కర్రకు కొలత ఉంటుంది, ధర ఉంటుంది, అటవీశాఖ వేసిన సుత్తిముద్ర ఉంటుంది. ఇవేవీ లేని కర్ర ఒకటుంది. ఎవరూ నరకకుండా, ఎవరూ కొనకుండా, కొండల్లో బయలుదేరి నదిలో పడి సముద్రానికి చేరే కర్ర. కలప వర్తకుడి పేరిట జరిగే సభలో ఆ లెక్కకెక్కని సరుకు గురించి మాట్లాడదామనుకున్నాను.

వానాకాలం గడిచాక గోపాలపూర్ దీపస్తంభం నుంచి రెండు వైపులా నడిచి చూడండి. కెరటాలు వదిలి వెళ్ళిన గీత వెంట వెదురు గెడలు, వేళ్ళ మొద్దులు, బెరడు ఊడి నునుపెక్కిన కొమ్మలు పడి ఉంటాయి. ఇవన్నీ మన రుషికుల్య తెచ్చినవే అనుకుంటాం. అది సగమే నిజం. రుషికుల్య మొగ మనకు ఈశాన్యంగా 20 కిలోమీటర్లకు తక్కువ కాని దూరంలో, పురుణాబంధ ఊరి దగ్గర ఉంది. నైరుతి రుతుపవనాల నెలల్లో అలలు ఈ తీరాన్ని ఏటవాలుగా కొట్టి, ఇసుకనూ తేలేవాటినీ ఈశాన్యానికి నెడతాయి. అంటే జులై, ఆగస్టు వరదల్లో రుషికుల్య వదిలిన కర్ర మనకు దూరంగా చిలికా వైపు పోతుంది. ఆ రోజుల్లో ఇక్కడ ఒడ్డెక్కేది చాలావరకు దక్షిణపు సరుకు: సునాపూర్ దగ్గర కలిసే బాహుదాదీ, ఇంకా కిందికి వంశధార, నాగావళులదీ. అక్టోబరు వచ్చేసరికి తూర్పు తీరం వెంట సాగే సముద్ర ప్రవాహం దిక్కు మారి, డిసెంబరు దాకా దక్షిణానికి పారుతుంది. తుపానులు వచ్చే కాలమూ అదే. రుషికుల్య కర్ర గోపాలపూర్‌కు రావలసింది ఆ రెండు మూడు నెలల్లో. కనుక ఒక దుంగ ఏ నదిదో చెప్పాలంటే ముందు అది ఏ నెలలో ఒడ్డెక్కిందో అడగాలి.

నది మూడింటిని మోస్తుంది: నీరు, ఇసుక, కర్ర. నీటి లెక్క గట్టడం మనకు వందేళ్ళ పైబడి అలవాటు. ఇసుకకు లెక్క ఉండాలని ఈ మధ్యే, పొడంపేట లాంటి ఊళ్ళను సముద్రం తినేశాక, తెలిసివచ్చింది. కర్రకు మాత్రం, నేను పనిచేసిన నీటిపారుదల కార్యాలయాల్లో ఎక్కడా ఒక గడి కనబడలేదు. వరద వచ్చి గేటుకు అడ్డం పడితే అది చెత్త. వేలం వేస్తే డబ్బు. ఈ రెండింటి మధ్య అది నదికి చెందిన సరుకన్న ఆలోచన లేదు. ఆనకట్టలు కర్రను ఆపుతున్నాయి, ఎంత ఆపుతున్నాయో ఎవరూ చూడటం లేదు, ఆ లోటు కొండ గెడ్డ నుంచి సముద్రపు అడుగు దాకా ఉంది అన్నదే నేను చెప్పదలచింది.

కర్ర ఎలా కదులుతుందో ముందు చూద్దాం. చెట్టు నదిలోకి వచ్చే దారులు తక్కువే. వరద ఒడ్డును కోస్తే వేళ్ళతో సహా కూలుతుంది. గాలికి పడుతుంది. ముసలిదై పడుతుంది. మనిషి నరికి తీసుకుపోగా మిగిలిన మొదళ్ళూ కొమ్మలూ వానకు జారుతాయి. ఇవన్నీ ఏడాదంతా కొద్దికొద్దిగా జరిగేవి. కొండచరియ మాత్రం అలా కాదు, ఒక్కరాత్రిలో అడవి ముక్కను ముక్కగా దింపుతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి కొండల మీదికి పోయినప్పుడు, గజపతి జిల్లాలో చరియలు విరిగి ప్రాణాలు పోయాయి. ఆ వాన నీరంతా వంశధారలోకి దిగింది. అలాంటి రోజున నది మోసే కర్ర, మామూలు ఏళ్ళు ఎన్ని కలిపినా రాదు.

నీళ్ళలో పడినంత మాత్రాన దుంగ కదలదు. నీటిలో సగం బరువుండే నున్నటి దుంగ అయితే తన మందంలో సగం లోతు నీళ్ళకే లేస్తుంది. బరువు పెరిగినకొద్దీ లోతు పెరగాలి. దుంగ పొడవు ఏటి వెడల్పు కంటే ఎక్కువైతే రెండు ఒడ్లకూ తట్టుకుని అడ్డంగా పడుకుంటుంది. దారింగిబాడి చుట్టుపక్కల కొండ గెడ్డల్లో జరిగేది అదే. పడిన మాను పడినచోటే ఉండి, ఎగువన ఇసుకనూ ఆకులనూ ఆపుతుంది, దిగువన నీరు దూకి గుంట తవ్వుతుంది. ఎండాకాలం గెడ్డ ఎండినా ఆ గుంటలో నీరుంటుంది, చేప ఉంటుంది. చిన్న ఏరును కర్ర మలుస్తుంది, పెద్ద నది కర్రను మోస్తుంది. మధ్యలో ఎక్కడో ఈ రెండూ తారుమారవుతాయి.

వేళ్ళ మొద్దు ఉన్న చెట్టు మరో రకం. వేళ్ళు అడుగున గీసుకుంటూ లంగరులా పట్టేస్తాయి. నీరు తీశాక ఇసుకమేటల మీద చూస్తే అలాంటి చెట్లు వేళ్ళు ఎగువకూ కొన దిగువకూ పెట్టి పడి ఉంటాయి. నది ఏ వైపు నుంచి వచ్చిందో తెలియని కొత్తవాడికి ఆ చెట్టు చూపిస్తే చాలు.

గోదావరి మీద పడవ నడిపిన వాళ్ళకు తెలిసిన విషయం ఒకటుంది. వరద ఎక్కుతున్నప్పుడు కర్ర నది నడిమధ్యన పోతుంది. తీస్తున్నప్పుడు ఒడ్లకు వస్తుంది. నీటిశాస్త్రం దీనికి కారణం చెబుతుంది: పెరుగుతున్న వరదలో నడిమి నీరు ఒడ్డు నీటి కంటే రవ్వంత ఎత్తుగా ఉబ్బి ఉంటుంది, తీసేటప్పుడు నడుమ కుంగుతుంది. దేవీపట్నం ప్రాంతంలో, భద్రాచలం దిగువన, కొట్టుకొచ్చే దుంగల కోసం తాళ్ళతో కాచుకుని ఉండే మనుషులు తీతను చూసి దిగుతారు. తీతకు ముందే దిగినవాళ్ళలో కొందరు తిరిగిరారు. ఆ వార్తలు ప్రతి వరదకూ పత్రికల్లో ఒక మూల కనబడుతూనే ఉంటాయి.

అంటే దుంగ ప్రయాణాన్ని రోజుల్లో కొలవలేం, వరదల్లో కొలవాలి. ఒక వరదకు ఒక మేట నుంచి మరో మేట దాకా పోతుంది. అక్కడ రెండేళ్ళు ఎండుతుంది, చెద తింటుంది, పైన గడ్డి మొలుస్తుంది. మళ్ళీ అంత ఎత్తు వరద వస్తే లేస్తుంది. ఇంత నిదానపు ప్రయాణం కనుకే అది మన కంట పడదు.

మన కొండల కర్రకు ఇంకో చిక్కుంది. ఘుముసర అడవుల్లో రాజ్యమేలేది గుగ్గిలం చెట్టు, ఒడియావాళ్ళ సాల. పచ్చి గుగ్గిలం దుంగ నీటితో దాదాపు సమాన బరువు, ఒక్కోసారి ఎక్కువే. పడవేస్తే మునుగుతుంది. అలాంటి బరువు కర్రను నది మీద తేవలసి వచ్చినచోట వెదురు మోపులు కట్టి తేల్చేవారు. కాబట్టి మనకు తీరాన కనిపించే కర్ర అడవికి సరైన నమూనా కాదు. వెదురు, బూరుగు, అత్తి జాతులు, తాటి మొద్దులు తేలి వస్తాయి. గుగ్గిలం, ఏగిస, మద్ది అడుగున దొర్లుతూ, ఆగుతూ వస్తాయి, లేదా అసలు రావు.

తేలని చెట్టును తేలేట్టు చేయడం బర్మావాళ్ళు సాధించిన విద్య. అది ఈ ఊరికి సంబంధించిన కథ కూడా. గోపాలపూర్ రేవు నుంచి రంగూన్‌కు స్టీమర్లు నడిచిన కాలంలో గంజాం తెలుగువాళ్ళూ ఒడియాలూ వేలమంది అక్కడి రేవుల్లో, బియ్యం మిల్లుల్లో, కోతమిల్లుల్లో పనికి పోయారు. ఆ కోతమిల్లులకు వచ్చే టేకు ఇరావతి మీదుగా వచ్చేది. పచ్చి టేకు మునుగుతుంది. అందుకని చెట్టు మొదట్లో చుట్టూ బెరడునూ దాని లోపలి తెల్లకర్రనూ నరికి, నిలబెట్టే చంపి, సుమారు 3 ఏళ్ళు అడవిలోనే ఎండనిచ్చి అప్పుడు పడగొట్టేవారు. ఏనుగులు దుంగలను ఎండిన వాగుల్లోకి ఈడ్చిపెట్టేవి. ఆ తర్వాత మనిషి చేయగలిగింది వాన కోసం కాచుకోవడమే. వాగు పొంగితే దుంగ కదిలేది, పొంగకపోతే ఇంకో ఏడాది. అడవిలో కూలిన చెట్టు రంగూన్ రంపం కిందికి రావడానికి ఏళ్ళు పట్టేవి. 1885లో ఇంగ్లీషువాళ్ళు మాండలే రాజు థీబా మీదికి యుద్ధానికి వెళ్ళడానికి చెప్పిన సాకుల్లో ఒకటి, బాంబే బర్మా కంపెనీ తీసుకుపోయిన టేకు దుంగల లెక్క మీద వచ్చిన తగాదా. నదిలో తేలే దుంగలను లెక్కపెట్టడం ఎంత ఖరీదైన పనో చూడండి.

గోదావరి మీద కూడా ఎగువ అడవుల టేకూ వెదురూ తెప్పలు కట్టి రాజమండ్రి దాకా తెచ్చేవారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పుడు, దాన్ని కట్టించిన ఇంజనీరు కాటన్ దొర, పడవలకూ తెప్పలకూ లాకులు పెట్టించాడు. మనిషి నడిపే కర్రకు లాకు తలుపు తెరుచుకుంది. యజమాని లేని దుంగ వరద కోసం ఆగి, ఆనకట్ట మీంచే దాటింది. తక్కువ ఎత్తు ఆనకట్టకు ఆ మాత్రం ఉదారత ఉంటుంది. వరదలో అది మునిగిపోతుంది, పైనుంచి అన్నీ పోతాయి. నిల్వ జలాశయానికి ఆ గుణం లేదు. ఈ తేడా తెలియకుండా ఆనకట్టలన్నింటినీ ఒకే గాటన కట్టి మాట్లాడితే పొరపాటు పడతాం.

రుషికుల్యలో ఈ రెండు రకాలూ ఉన్నాయి. నది పొడవు సుమారు 165 కిలోమీటర్లు. దారింగిబాడి దగ్గరి కొండల్లో పుట్టి, ఆస్కా మీదుగా, తారాతారిణి కొండ పక్కగా, అశోకుడి శాసనమున్న జౌగడకు దగ్గరగా పారి, గంజాం దగ్గర సముద్రంలో కలుస్తుంది. 1866 కరువు తర్వాత, మనం ఇంకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, 19వ శతాబ్దం ఆఖరి దశాబ్దాల్లో రుషికుల్య కాలువల పథకం కట్టారు. ప్రధాన నది మీద జానివిల్లి దగ్గరిది తక్కువ ఎత్తు ఆనకట్ట, వరదలో కర్ర దాన్ని దాటుతుంది. పద్మా నది మీద సొరడ జలాశయం, అప్పటి రస్సెల్‌కొండ, అంటే ఇప్పటి భంజనగర్ జలాశయం నిల్వ చేసేవి. తర్వాతి కాలంలో ఘోడాహడ, ధనై, బాఘువా వచ్చాయి. ఒక్కొక్క ఉపనది చొప్పున కర్ర దారి మూసుకుంటూ వచ్చింది. వంశధార వైపున ఉన్న హరభంగి నీటిని సొరంగం తవ్వి రుషికుల్య వైపు మళ్ళించారు. నీరు కొండ దాటి వచ్చింది. దానితో రావలసిన కర్ర అటే ఉండిపోయింది.

జలాశయంలోకి వచ్చిన దుంగకు ఏమవుతుంది? నది వచ్చి నిల్వ నీటిలో కలిసేచోట వేగం చచ్చిపోతుంది. ఇసుక అక్కడే కూర్చుంటుంది, బరువు కర్ర దానితోపాటే కూర్చుని పూడికలో కలుస్తుంది. తేలిక కర్రను అక్కణ్ణుంచి నడిపేది నీరు కాదు, గాలి. రుతుపవనపు గాలి ఎటు వీస్తే ఆ ఒడ్డుకు చేరి గుట్టపడుతుంది. కాలువలకు నీళ్ళు వదిలాక మట్టం దిగితే ఆ గుట్ట ఒడ్డున ఎండుతుంది, చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు పొయ్యిలోకి మోసుకుపోతారు. మళ్ళీ నిండితే మిగిలింది లేస్తుంది. తడిసి, ఎండి, తడిసి, ఏళ్ళ మీద నీళ్ళు తాగి బరువెక్కి అడుగుకు పోతుంది. ఆనకట్ట గోడ దాకా వచ్చేది కొద్ది. అదీ తూము ముందున్న ఇనుప కడ్డీల జాలీకి తగులుకుంటే క్రేనుతో పైకి తీసి ఒడ్డున పోస్తారు.

కట్టేటప్పుడు అడవిని పూర్తిగా నరకకుండా ముంచినచోట కథ ఇంకా పొడుగు. బలిమెల దగ్గర చిత్రకొండ నీళ్ళలో నిలబడి చచ్చిన చెట్లను చూసినవాళ్ళు ఈ సభలో ఉండే ఉంటారు. నీటి కింద ఉన్న మొదలు దశాబ్దాలు చెడదు, గాలి తగిలే చోట మాత్రం కుళ్ళి విరుగుతుంది. జలాశయం నది తెచ్చిన కర్రను ఆపుతూనే, తన కడుపులోని కర్రను కొద్దికొద్దిగా వదులుతుంటుంది.

ఇక ప్రమాదాల మాట. ఆనకట్ట ఇంజనీర్లకు కర్ర అంటే భయం, ఆ భయానికి ఆధారం ఉంది. 1978 ఆగస్టు 7న స్విట్జర్లాండ్ దక్షిణ కొండల్లో పలాన్యేద్రా ఆనకట్టకు మెలెత్సా నది వరద వచ్చింది. నీటితో పాటు వేల ఘనపు మీటర్ల కర్ర వచ్చి అలుగు నోళ్ళను మూసేసింది. అలుగు మీద వంతెన, వంతెనకు స్తంభాలు, స్తంభాల మధ్య ఖాళీ దుంగ పొడవు కంటే తక్కువ. నీరు ఆనకట్ట మీంచే దూకింది. కట్టడం నిలిచింది కానీ, అలుగు నీటి కొలతకే కాకుండా దుంగ పొడవుకూ కట్టాలన్న పాఠాన్ని ప్రపంచంలో ఇంజనీర్లు అక్కణ్ణుంచే నేర్చుకున్నారు.

మన తెలుగు నేల మీద దీనికి దగ్గరి ఉదాహరణ కడెం. ఆదిలాబాద్ కొండల నీరంతా వచ్చి పడే ప్రాజెక్టు. 2022 జులైలో 5 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చింది. గేట్లన్నీ ఎత్తినా పోయేది సుమారు 3 లక్షలు. ఉన్న 18 గేట్లలో ఒకటి లేవనే లేదు. నీరు ఆనకట్టను దాటి పొర్లి, ఎడమ వైపున గండి కొట్టుకుని దారి చేసుకుంది. ఆ తర్వాత గేట్ల దగ్గర కనబడింది అడవి నుంచి కొట్టుకొచ్చిన చెట్ల గుట్ట. కడెం బతకడానికి కారణాల మీద చాలా చర్చ జరిగింది. అంత కర్ర ఎక్కడి వాగుల నుంచి, ఎన్నేళ్ళ నిల్వ ఒక్కసారిగా దిగిందన్న చర్చ నాకు ఎక్కడా కనబడలేదు. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు ఇనుప పడవలు కొట్టుకొచ్చి 67, 69 గేట్ల కౌంటర్‌వెయిట్లను గుద్దాయి. అవి కర్ర దుంగలు కావు, నిజమే. కానీ తేలే వస్తువు గేటును ఏం చేయగలదో బెజవాడ జనం కళ్ళారా చూశారు.

2025 వానాకాలంలో దేశం మొత్తం చూసింది హిమాచల్‌ను. జూన్ చివర కుల్లు ప్రాంతంలో మేఘాలు కుమ్మరించాక, బియాస్ నది మీద పండో ఆనకట్ట వెనక నీరు కనబడనంతగా దుంగలు పరుచుకున్నాయి. 1977లో పూర్తయిన, 76 మీటర్ల ఎత్తు ఆనకట్ట అది. దొంగ నరుకుడని ఒకరు, అడవిలో ఎప్పుడో పడి కుళ్ళిన చెట్లేనని అటవీశాఖ. చివరకు సెప్టెంబరు 4న, వరదలో తేలుతున్న దుంగల వీడియోలను చూసి సుప్రీంకోర్టు ప్రభుత్వాలకు నోటీసులు పంపింది. దేశపు అత్యున్నత న్యాయస్థానం దాకా పోయిన ఆ ప్రశ్నకు జవాబు నిజానికి దుంగ చివర్లోనే ఉంటుంది. రంపం కోసిన ముఖం బల్లపరుపుగా ఉంటుంది. విరిగిన ముఖం పేలికలుగా ఉంటుంది. వేళ్ళతో వచ్చిన దాన్ని ఎవరూ నరకలేదు. పాతదైతే బెరడు ఉండదు. గుట్టలో ఒక మూల రెండు మూడు వందల దుంగలు చూసి రాసుకుంటే, వాదన సగం తీరుతుంది.

వరదల్లో విపత్తుగా వచ్చే కర్ర గురించే మాట్లాడుకుంటే, మిగతా ఏళ్ళలో రాని కర్ర గురించి మరచిపోతాం. దాని లోటు ఎక్కడ పడుతుందో చెప్పడానికి మళ్ళీ తీరానికి రావాలి.

గోపాలపూర్ వాడబలిజలకు, ఒడియావాళ్ళు నోలియాలని పిలిచే మన తెలుగు మత్స్యకారులకు, కర్ర నీళ్ళు తాగడం గురించి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. తెప్ప అంటే తేలిక కర్ర దుంగలు తాళ్ళతో కట్టింది. వేట నుంచి రాగానే కట్లు విప్పి దుంగలను విడివిడిగా ఇసుక మీద ఎండబెట్టేవారు. లేకపోతే నీళ్ళు తాగి బరువెక్కి తేలదు. ఫైబర్ బోట్లు వచ్చాక ఆ పని తగ్గింది, తేలే దుంగంటే ఇప్పుడు వలను చింపేది, బోటు అంచును పగలగొట్టేది. అయినా సముద్రం మధ్యన తేలే మాను కింద చేప ఉంటుందన్న సంగతి వాళ్ళకు తెలుసు. హిందూ మహాసముద్రంలో ట్యూనా వేటాడే పెద్ద ఓడలు చాలావరకు ఈ సూత్రం మీదే బతుకుతున్నాయి. ముందు నది వదిలిన దుంగల వెంట తిరిగారు, అవి చాలక తామే తెప్పలు చేసి ఉపగ్రహపు బీకన్లు కట్టి వదులుతున్నారు.

దుంగ సముద్రంలో ఎక్కువకాలం తేలదు. ఓడపురుగు తొలుస్తుంది. పేరుకు పురుగే గానీ అది ఆల్చిప్పల వంశం, రెండు చిన్న పెంకులతో కర్రను రాకుతూ తింటుంది. తొలిచిన దుంగ మునిగి వేల మీటర్ల లోతుకు పోతుంది. 1950 నుంచి 1952 దాకా ప్రపంచం చుట్టిన డెన్మార్క్ ఓడ గలాతియా, లోతు సముద్రపు అడుగు నుంచి తీసిన కర్రముక్కల్లో కర్ర తప్ప మరేదీ తినని ఆల్చిప్ప జాతులను పైకి తెచ్చింది. ఎండ తగలని ఆ చీకట్లో నేల మీద పెరిగిన చెట్టును నమ్ముకుని బతికే ప్రాణులవి. వాటికి కర్ర చేరవేసే బండి చాలావరకు నదే. సొరడలో ఆగిన దుంగకూ బంగాళాఖాతం అడుగున ఉన్న ఆల్చిప్పకూ మధ్య దారి తెగిందంటే అతిశయోక్తిగా వినిపించవచ్చు. కానీ అది రవాణా లెక్కే, కవిత్వం కాదు.

తీరపు ఇసుకలో సగం పూడిన దుంగ గాలికి ఎగిరే ఇసుకను ఆపుతుంది. దాని వెనక చిన్న గుట్ట కడుతుంది, గుట్ట మీద తీగ పాకుతుంది. అమెరికా వాయవ్య మూలన ఎల్వా నది మీది రెండు ఆనకట్టలను 2011 నుంచి 2014 లోపు పడగొట్టినప్పుడు, దశాబ్దాలుగా ఆగిన ఇసుకా కర్రా కలిసి దిగి, మొగ దగ్గర తరిగిపోతున్న తీరాన్ని మళ్ళీ పెంచాయి. ఇసుక వచ్చిన సంగతే అందరూ రాశారు. ఆ ఇసుకను కొత్త తీరంలో కొంతైనా పట్టి ఉంచింది కర్ర.

దీనికి రెండో పక్క కూడా చెప్పాలి, లేకపోతే తాబేళ్ళకు అన్యాయం. రుషికుల్య మొగ దగ్గర ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు మూకుమ్మడిగా గుడ్లు పెడతాయని శాస్త్రలోకానికి తెలిసింది 1994లో. 2025 ఫిబ్రవరిలో దాదాపు 7 లక్షల తాబేళ్ళు ఆ కొద్దిపాటి ఇసుక మీదికి వచ్చాయి. తాబేలుకు దుంగ గోడతో సమానం. ఆఫ్రికాలోని గాబన్ తీరాన కలప కంపెనీల తెప్పల నుంచి జారిపోయిన వేల దుంగలు ఇసుక మీద పేరుకుని, గుడ్లు పెట్టడానికి వచ్చిన తోలుతాబేళ్ళకు అడ్డుపడి, కొన్నింటిని ఇరికించి చంపిన సంగతి అక్కడి పరిశోధకులు నమోదు చేశారు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు గంజాంలో కూలిన చెట్లు లక్షల్లో. ఆ వెంటనే కొండల్లో కురిసిన వానకు రుషికుల్య పొంగింది. అలాంటి వరద తర్వాత మొగ దగ్గరి ఇసుకను శుభ్రం చేయకపోతే ఫిబ్రవరిలో తాబేళ్ళకు చోటుండదు. కాబట్టి పడిన దుంగనల్లా పడినచోటే ఉంచమని నేను అనను. మొగకు దక్షిణాన, తాబేళ్ళు ఎక్కని చోట కొంత, సరుగుడు తోటల ముందు కొంత ఉంచవచ్చు. తీసింది ఎంతో రాసుకోవచ్చు.

రాసుకోవడం దగ్గరికే నేను వస్తున్నది. ఫ్రాన్స్‌లో రోన్ నది ఎగువన జెనిస్సియా ఆనకట్ట 1948లో మొదలైంది. అక్కడ జాలీ ముందు చేరే కర్రను ఏటా తీసి పారేస్తూనే ఉన్నారు. భూగోళశాస్త్రవేత్తలు వచ్చి ఆ తీసిన కర్రనే తమ కొలమానం చేసుకున్నారు. ఏ వరదకు ఎంత, ఏ జాతి చెట్లు, ఎంత పొడవు, కోసినవా కూలినవా. నది కర్రను ఆపేసిన కట్టడమే ఆ నది ఎంత కర్ర మోస్తుందో చెప్పే తక్కెడ అయింది. జపాన్‌లో కొన్ని ఆనకట్టల కార్యాలయాలు తీసిన కర్రను ఊళ్ళవాళ్ళకు ఉచితంగా పంచుతాయి. పంచాలంటే ముందు తూచాలి కదా.

మనకు సొరడ ఉంది, భంజనగర్ ఉంది, ఘోడాహడ ఉంది. వరద తర్వాత తూము ముందు నుంచి తీసిన కర్రను ట్రాక్టరు లెక్కన రాసుకోవడానికి కొత్త ఇంజనీరు అక్కర్లేదు, పాత రిజిస్టరులో ఒక గడి చాలు. దాన్ని అమ్మేయకుండా, అందులో వేళ్ళ మొద్దులున్న పదో వంతును ఆనకట్ట దిగువన ఇసుకమేట మీద దింపి, చెట్టుకో రంగు గుర్తు వేసి, వచ్చే వరదకు ఎక్కడిదాకా పోయిందో చూడవచ్చు. దిగువ వంతెనలకు ప్రమాదం కాదా అని అడుగుతారు, అడగాల్సిందే. వంతెన స్తంభాల మధ్య ఖాళీ కంటే పొడుగ్గా ఉన్నదాన్ని దింపకూడదు. ఆ కొలత పలాన్యేద్రా చెప్పింది.

తీరం వైపు పని బరంపురం విశ్వవిద్యాలయపు పిల్లలది. భంజవిహార్ ఇక్కణ్ణుంచి ఎంతో దూరం లేదు, సముద్రశాస్త్ర విభాగమూ ఉంది. ఏటా రెండుసార్లు, ఆగస్టులో ఒకసారి, నవంబరులో ఒకసారి, గోపాలపూర్ దీపస్తంభం నుంచి అటొక కిలోమీటరు, ఇటొక కిలోమీటరు, చేతి మందాన్ని మించిన ప్రతి కర్రనూ కొలవాలి. పొడవు, చుట్టుకొలత, వేళ్ళున్నాయా, కోత ఉందా, బెరడు ఉందా, ఓడపురుగు తొలిచిందా. ఆగస్టు కర్ర దక్షిణపు నదులది, నవంబరు కర్ర రుషికుల్యది అన్న నా మాట నిజమో కాదో ఐదారేళ్ళలో వాళ్ళే తేలుస్తారు. ధర్మనిధి నిర్వాహకులను ఒక్కటి అడుగుతాను. వచ్చే ఏడాది వక్తకు కప్పే శాలువా ఖర్చుతో నాలుగు కొలత టేపులూ రెండు మందపాటి నోటుపుస్తకాలూ వస్తాయి. వక్త ఎవరైనా ఏమీ అనుకోరు, నేను మాట్లాడి ఒప్పిస్తాను.